మామిడిబుట్టకూ సీటుబెల్టు!

విజయవాడ నుంచి బయల్దేరి నున్న దాటారంటే గాలిలో వాసనే మారిపోతుంది. ఎండాకాలమైతే మరీనూ. మామిడి మార్కెట్టు ముందు బారులు తీరిన లారీలనూ ట్రాక్టర్లనూ తప్పించుకుని ముందుకెళ్తే ఆగిరిపల్లి. కొండమీది శోభనాచల స్వామికి కారులోంచే ఓ దండం పెట్టుకుని ఇంకాస్త దూరం పోతే నూజివీడు. రసాలకు పుట్టిల్లు. అక్కణ్నుంచి ఉత్తరంగా, తోటల మధ్య నుంచి సాగే రోడ్డు తీసుకెళ్లి దించేది విస్సన్నపేటలో. బెజవాడ నుంచి మొత్తం అరవై కిలోమీటర్ల పైచిలుకు. అనకాపల్లి వైపు ఇదే పేరుతో ఇంకో ఊరుంది. మనం వచ్చింది తిరువూరు పక్కనున్న విస్సన్నపేటకి.

ఇక్కడ కోట లేదు, జలపాతం లేదు, ఫొటోలు దిగడానికి వ్యూ పాయింటూ లేదు. మరి ఏం చూద్దామని వచ్చామంటారా? కార్లు! షోరూముల్లో అద్దాల వెనక మెరిసేవి కాదు. మామిడాకులూ ధూళీ మీద వేసుకుని, ఆదివారం పొద్దున్నే సెంటర్లో టీకొట్టు పక్కన చెట్టునీడ కోసం పోటీపడే బుల్లికార్లు. వాటి కన్నా చూడాల్సింది వాటి చుట్టూ చేరే యజమానుల్ని. బానెట్ ఎత్తి ఒకరు, డిక్కీ తీసి ఒకరు, తాళంచెవి చెవి దగ్గర పెట్టుకుని ఊపుతూ ఒకరు... ‘నీ బండి కూడా ఇలాగే అరుస్తోందా బాబాయ్?’ ‘మాది అరవదురా, మూలుగుద్ది!’

ఈ ఊరికి రైలు లేదు. రైలెక్కాలంటే విజయవాడకైనా పోవాలి, లేదా నూజివీడు స్టేషనుకైనా. ఆ నూజివీడు స్టేషను మళ్లీ నూజివీడులో ఉండదు, హనుమాన్ జంక్షన్ దగ్గరుంటుంది! పెద్దాసుపత్రికి వెళ్లాలన్నా, హైదరాబాదులో ఉన్న అబ్బాయికి పచ్చడి జాడీలు చేర్చాలన్నా, పెళ్లికి అత్తగారినీ అరిసెలనూ కలిపి తీసుకెళ్లాలన్నా నాలుగు చక్రాలుంటే ఆ తీరే వేరు. అందుకే కారు ఇక్కడ హోదా అనేకంటే అవసరమనడమే సబబు.

నంబరు ప్లేట్లు చదివితే ఊరి చరిత్ర కూడా తెలిసిపోతుంది. ‘ఏపీ 16’ అని ఉంటే పాత కృష్ణా జిల్లా బండి. ‘ఏపీ 39’ అయితే 2019లో రాష్ట్రమంతటికీ ఒకే సిరీస్ వచ్చాక కొన్నది. సత్తుపల్లి వైపు నుంచి వచ్చే తెలంగాణ బళ్లలో ‘టీఎస్’లూ ఉంటాయి, 2024 తర్వాతి ‘టీజీ’లూ ఉంటాయి. 2022 ఏప్రిల్లో జిల్లాలు మారినప్పుడు విస్సన్నపేట ఎన్టీఆర్ జిల్లాలోకీ, పక్కనున్న నూజివీడు ఏలూరు జిల్లాలోకీ వెళ్లాయి. ప్లేట్ల మీద మాత్రం అందరూ ఇంకా చుట్టాలే.

బొట్టు పెట్టిన పుస్తకం

కారుతో పాటు ఓ పుస్తకం ఇస్తారు. రెండు మూడొందల పేజీలు, అంతా ఇంగ్లిషు. ఆ సెంటర్లో ఆగిన కార్లలో అయిదింటి డాష్‌బోర్డు అరలు తీయించి చూశాం. అయిదింట్లోనూ పుస్తకం ఉంది. నాలుగింటికి పైన ప్లాస్టిక్ కవరు కూడా చింపలేదు. కారు పూజ రోజున పెట్టిన పసుపూ కుంకుమా మాత్రం చెక్కుచెదరలేదు.

అయిదో కారు ఓ రిటైరైన సైన్సు మాస్టారిది. ఆయన ఆ పుస్తకాన్ని చదవడమే కాదు, ఎల్ఐసీ వాళ్లిచ్చిన పాత డైరీలో అవసరమైన పేజీలన్నీ తెలుగులో రాసుకున్నారు. బొమ్మలు కూడా వేశారు. ఎర్రదీపాలు ఎర్రసిరాతో, పసుపు దీపాలు స్కెచ్ పెన్నుతో. ‘ఎర్రది వెలిగితే ఆగు అని. పసుపుది వెలిగితే ఆగనక్కర్లేదుగానీ త్వరగా చూపించుకో అని. ఈ ఒక్క ముక్క తెలిస్తే సగం బెంగ పోతుంది’ అంటారాయన.

ఆదివారం కోర్టుకి ఆయన జడ్జి అనుకుంటే ఎదురు వాదించే లాయరు మెకానిక్. బెజవాడ ఆటోనగర్‌లో కుర్రతనంలో పని నేర్చుకుని వచ్చి ఇక్కడ షెడ్డు పెట్టుకున్నాడు. ‘అంబాసిడర్‌కి చిట్కా వైద్యం సరిపోయేదండీ. కార్బురేటర్ విప్పి, పెట్రోలుతో కడిగి, ఊదితే లేచేది. వీటికి స్కానింగు కావాలి’ అంటూ జేబులోంచి అగ్గిపెట్టెంత పరికరం తీసి చూపించాడు. స్టీరింగు కింద ఉండే సాకెట్లో గుచ్చితే కారు తన రోగమేంటో సెల్‌ఫోనుకి అంకెల్లో చెబుతుంది. ఆ అంకెల అర్థం చెప్పడం మాత్రం ఇంకా మనిషి పనే.

వచ్చే ఫిర్యాదుల్లో చాలావరకు అసలు రోగాలే కావు. ‘మాస్టారూ, హైవే మీద 80 దాటగానే ఎక్కడో కుయ్‌మంటోందండీ. వైరు ఊడిందంటారా?’ అని ఓ కుర్రాడు దిగాలుగా అడిగాడు. వైరు ఊడలేదు, చట్టం మారింది. 2019 జులై 1 నుంచి తయారైన కార్లన్నింటికీ 80 దాటితే ఆగాగి, 120 దాటితే ఆగకుండా హెచ్చరిక మోగాల్సిందే. డ్రైవరుకు ఎయిర్‌బ్యాగు, ముందు సీట్లకు బెల్టు గుర్తుచేసే గంట, వెనక్కి వెళ్లేటప్పుడు అడ్డం చెప్పే సెన్సర్లూ అప్పుడే తప్పనిసరి అయ్యాయి. అడుగెత్తు గడ్డిని చూసి కూడా ఆ సెన్సర్లు గోల చేస్తాయని తోటల వాళ్ల విసుగు. వాటికి గడ్డేదో గోడేదో తెలీదు మరి.

ఇంకొకాయనది కారు కింద నీళ్లు కారుతున్నాయని బెంగ. మే నెల ఎండలో గంటసేపు ఏసీ వేస్తే గాలిలో తేమ చల్లబడి నీళ్లయి కిందికి పోతుంది. చెంబు మీద చెమ్మ పట్టినట్టేనన్నమాట. రంగూ వాసనా లేకపోతే నిశ్చింతగా ఉండొచ్చు. ఆకుపచ్చగానో గులాబీ రంగులోనో జిగటగా కారుతుంటే మాత్రం అది రేడియేటర్ కూలెంటు. అప్పుడు కూడా ఇంజిను వేడి మీద మూత తీయకూడదు, మొహం మీదికి చిమ్ముతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు ఏసీ చల్లదనం కాసేపు తగ్గినా ఖంగారు పడక్కర్లేదు. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడు చిన్న ఇంజిన్లు తమ శక్తినంతా చక్రాలకివ్వడానికి కంప్రెసర్‌ని కొద్ది క్షణాలు పక్కన పెట్టేస్తాయి.

బాగా సందడి చేసేది క్లచ్చు లేని బండి. 2014లో మారుతి సెలెరియోతో మన చిన్నకార్లలోకి ఏఎంటీ గేరు వచ్చింది. ‘ఆటోమేటిక్ అంటే స్కూటీలాగా అనుకున్నా. ఇదేమో గేరు మారినప్పుడల్లా వెనక్కి లాగి ముందుకి తోస్తోంది’ అని బ్యాంకు ఉద్యోగి ఒకావిడ వాపోయారు. దీని గుట్టు మెకానిక్ ఒక్క మాటలో విప్పేశాడు. ‘లోపల ఉన్నది మామూలు గేరుబాక్సే మేడమ్. మీ ఎడంకాలి పనీ, చేతి పనీ మిషను చేస్తోంది. గేరు మారేటప్పుడు మీరు కాలు కాస్త సడలిస్తే కుదుపుండదు.’ అదే కారుని ఏటవాలులో యాక్సిలరేటర్‌తో నిలబెట్టకూడదు. కనిపించని క్లచ్చు అరిగిపోతుంది. బ్రేకు వేసి పట్టుకోవాలి. ఇక ‘స్టార్టే అవడంలేదు’ అని ఫోను వచ్చిందంటే మెకానిక్ ముందు అడిగే ప్రశ్న ‘గేరు న్యూట్రల్లో ఉందా, బ్రేకు మీద కాలుందా?’ సగం సార్లు రిపేరు అక్కడే అయిపోతుందట. ఫీజు అడగాలంటే సిగ్గేస్తుందట కూడా.

బ్యాటరీ సంగతి అలా కాదు. పిల్లలు ఊళ్లో లేని ఇళ్లలో కారు నెలల తరబడి కదలదు. అలారమూ గడియారమూ ఓ పక్క బ్యాటరీని పీలుస్తూనే ఉంటాయి. వారానికోసారి అరగంటైనా తిప్పాలి. పాత బండయితే నలుగురు తోస్తే లేచేది. ఏఎంటీ బళ్లు తోస్తే లేవవు. పక్క కారు నుంచి కరెంటు తీసుకోవాలంటే ఎర్ర వైరు ముందు పడుకున్న బ్యాటరీ ప్లస్‌కి, రెండో కొస మంచి బ్యాటరీ ప్లస్‌కి. తర్వాత నల్ల వైరు మంచి బ్యాటరీ మైనస్‌కి, చివరి కొస మాత్రం పడుకున్న కారు ఇంజిను దగ్గర రంగులేని ఇనుము మీద. బ్యాటరీ మీద పెడితే అక్కడే నిప్పురవ్వ లేచే ప్రమాదముంది. మాస్టారి డైరీలో ఈ బొమ్మకు ఒక పేజీ అంతా కేటాయించారు. ఆ పేజీని ఫోనులో ఫొటో తీసుకోనివాళ్లు ఆ సెంటర్లో తక్కువ.

ఎలుకల గురించి రాయాలంటే ఇంకో ఆదివారం కావాలి. కళ్లంలో పెట్టిన కారులో దూరి వైర్లు కొరికేస్తున్నాయి. పొగాకు కాడలు, కలరా ఉండలు, వేపనూనె... ఎవరి మందు వారిది. మెకానిక్ నమ్మేది వైర్ల మీద చుట్టే సన్న ఇనుప జాలీని, రోజూ బండి తియ్యడాన్ని.

టీ తాగుతూ అందరూ కలిసి మండిపడే విషయం మైలేజీ. 2025 నాటికి బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు మామూలైపోయింది. అసలు ఇథనాల్ లేని పెట్రోలు కోసం తయారై తర్వాత 10 శాతానికి సర్దుబాటైన కార్లకు ఈ పెట్రోలుతో 6-7 శాతం, 10 శాతం కోసమే తయారై 20కి సర్దుబాటైన వాటికి 1-2 శాతం మైలేజీ తగ్గొచ్చని 2021 నాటి నీతి ఆయోగ్ నివేదికే చెప్పింది. 2023 ఏప్రిల్ తర్వాత వచ్చినవాటిలో గొట్టాలూ వాషర్లూ దీన్ని తట్టుకునేలా చేశారు. పాత బండి ఉన్నవాళ్లు రబ్బరు గొట్టాలు ఏడాదికోసారైనా చూపించుకోవడం మేలు. మిగతా దానికి తిట్టుకోవడం తప్ప టీకొట్టు దగ్గర మందు లేదు.

చీకట్లో ఎదుటి బండివాళ్లు ఊరికే లైట్లు కొట్టి తిడుతున్నారని ఓ తోట యజమాని చెప్పుకొచ్చాడు. డిక్కీలో మామిడి ట్రేలు నింపితే కారు తోక కిందికి దిగి ముక్కు పైకి లేస్తుంది. లైట్లు రోడ్డు మీద కాకుండా ఎదుటివాడి కళ్లలో పడతాయి. దానికోసమే స్టీరింగు పక్కన 0, 1, 2 అంకెలున్న చిన్న చక్రం చాలా కార్లలో ఉంటుంది. బరువు వేసినప్పుడు దాన్ని తిప్పితే లైట్లు కిందికి వంగుతాయి. ఆరేళ్లుగా ఆ కారు నడుపుతున్న మనిషి ఆ చక్రాన్ని అప్పుడే మొదటిసారి తిప్పి, వెనక్కి నడిచి వెళ్లి చూసి, మళ్లీ వచ్చి తిప్పాడు.

రెండొందలకు గంట బంద్

అసలు గొడవ ఆ మామిడి రైతు దగ్గరే మొదలైంది. ఆయన సమస్య లైట్లు కాదు, గంట. చుట్టాలకు పంపే రసాల బుట్ట ముందు సీట్లో పెడతాడు. సీటు కింద బరువు చూసే సెన్సర్ ఆ బుట్టను మనిషనుకుంటుంది. బెల్టు పెట్టలేదని టింగు టింగున మోత. ‘పదిహేను కిలోల బుట్టకి కూడా బెల్టేంటయ్యా? పీకెయ్ ఆ వైరు’ అని మెకానిక్ మీద పడ్డాడు. ఆయన చొక్కా జేబులో ఇంకో ఉపాయం కూడా ఉంది. బెల్టు దూర్చే కన్నంలో బెల్టుకి బదులు పెట్టే బుల్లి క్లిప్పు. అది పెడితే కారు మోసపోయి నోరు మూసుకుంటుంది. తన సీటుకి అదే వాడుతున్నాడు.

మాస్టారు గ్లాసు కింద పెట్టారు. ‘గంట పీకితే పీకించుకో. ఎయిర్‌బ్యాగు ఏం చేస్తుందో తెలుసా? రెప్ప వేసేలోపు బస్తాలా ఉబ్బుతుంది. బెల్టున్నవాడు కాస్త ఆగి దాని మీద పడతాడు. బెల్టు లేనివాడు అది ఉబ్బుతుండగానే వెళ్లి దాన్ని ఢీకొడతాడు. ప్రాణం కాపాడాల్సిందే దెబ్బ కొడుతుంది.’

ఈ ఎయిర్‌బ్యాగు చిన్నకారులోకి రావడం వెనక పెద్ద కథే ఉంది. 2014 జనవరిలో గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ మన దేశంలో అమ్ముతున్న అయిదు చిన్నకార్ల ప్రాథమిక మోడళ్లను గంటకు 64 కిలోమీటర్ల వేగంతో ఢీకొట్టించి చూసింది. పెద్దవాళ్ల రక్షణలో అన్నింటికీ వచ్చింది సున్నా నక్షత్రాలే. వాటిలో ఎయిర్‌బ్యాగులు లేవు. తర్వాత నిబంధనలు ఒక్కొక్కటిగా వచ్చాయి. 2019లో డ్రైవరుకు, 2022 జనవరి నుంచి పక్కవారికీ ఎయిర్‌బ్యాగు తప్పనిసరైంది. 2025లో ఆల్టో కె10, వేగనార్ లాంటి వాటికి కూడా ఆరేసి ఇవ్వడం మొదలుపెట్టారు. ఇంత చేసీ బెల్టు మాత్రం ఎవరికి వారే పెట్టుకోవాలి. 2018 ఆగస్టు 29న నల్లగొండ జిల్లాలో జరిగిన ప్రమాదంలో నందమూరి హరికృష్ణ చనిపోయినప్పుడు ఆయన బెల్టు పెట్టుకోలేదని పోలీసులు చెప్పారు. 2022 సెప్టెంబరు 4న మహారాష్ట్రలో పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ వెనక సీట్లో బెల్టు లేకుండా కూర్చునే చనిపోయారు. రెండూ పెద్ద కార్లే. రైతు జేబులో ఉన్నలాంటి క్లిప్పులను అమ్మకం నుంచి తీసేయాలని 2023 మేలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ అయిదు ఈ-కామర్స్ సంస్థలను ఆదేశించింది. 13 వేలకు పైగా ప్రకటనలు తొలగించారు. అయినా మన జేబుల్లోకి వస్తూనే ఉన్నాయి.

మెకానిక్ వాదన మెకానిక్‌ది. ‘నేను కాదంటే ఇంకోచోట రెండొందలకు పీకుతారండీ. అక్కడ కుర్రాడు ఏ వైరు పీకుతాడో దేవుడికి తెలుసు.’ సీటు కిందకి వంగి టార్చి వేసి చూపించాడు. ఎయిర్‌బ్యాగుకి సంబంధించిన కనెక్టర్లు పసుపు రంగులో ఉంటాయి. ‘ఈ పసుపు దాని జోలికి నేను పోను. ఒకసారి ఊడదీసి పెట్టినా మీటరులో ఎర్రదీపం పట్టుకుంటుంది. ఆ దీపం వెలుగుతుంటే ఎయిర్‌బ్యాగు పనిచేస్తుందని చెప్పలేం.’

మాటల్లో మాటగా మాస్టారు పక్క కారు డాష్‌బోర్డు వైపు వేలు చూపించారు. పక్క సీటు ఎదురుగా, ఎయిర్‌బ్యాగు అని అచ్చులో ఉన్న మూత మీద, గమ్ముతో అతికించిన ఆంజనేయస్వామి లోహ విగ్రహం. ఆ మూత పగిలి తెరుచుకున్నప్పుడు దాని మీదున్నది ఎగిరొచ్చి పడేది ఎదురుగా కూర్చున్న మనిషి మొహం మీదే. స్వామిని మధ్యలోకి, మీటర్ల వైపుకి జరపమంటే ఆ కారాయన చాలాసేపు నసిగాడు. ‘పంతులుగారు పెట్టిన చోటండీ అది.’ కొబ్బరికాయ కొట్టి జరుపుకోమన్నారు మాస్టారు. అన్నట్టు, ముందు సీట్లో చంటిబిడ్డను ఒళ్లో పెట్టుకుని కూర్చోవడం మన ఇళ్లలో మామూలే కదా. అమ్మకీ ఆ మూతకీ మధ్య ఉండేది బిడ్డే. ఎంత ఏడ్చినా, ఎంత ముద్దు చేసినా పిల్లల చోటు వెనక సీటు, వాళ్ల సైజుకి తగిన సీటులోనే.

సీటు కవర్లూ ఇంతే. ఆరు ఎయిర్‌బ్యాగులున్న కార్లలో రెండు ముందు సీట్ల పక్క అంచుల్లోనే కుట్టి ఉంటాయి. బయట మందపాటి రెగ్జిన్ కవరు బిగించి కుట్టిస్తే అవి బయటికి రావడానికి దారే ఉండదు. అక్కడ కుట్టు తేలిగ్గా విడిపోయే కవర్లు దొరుకుతాయి, అడిగి తీసుకోవాలి. నాలుగైదు వేలు పోసి కొత్తగా కుట్టించిన కవరుని బ్లేడుతో కోయమని చెప్పడానికి మాత్రం ఆ రోజు మాస్టారికీ నోరు రాలేదు. వాళ్లిద్దరూ ఆ కారు చుట్టూ ఓసారి తిరిగి, మళ్లీ టీలు చెప్పారు.

రైతు మాత్రం చాలాసేపు మాట్లాడలేదు. చివరికి బుట్టను తీసి ముందు సీటు వెనకాల, నేల మీద పెట్టాడు. సీటు మీదుంటే గట్టిగా బ్రేకు కొట్టినప్పుడు పదిహేను కిలోలు ఎగిరొస్తాయనీ, నేల మీదైతే కదలదనీ మెకానిక్ చెప్పిన మాట ఆయనకు నచ్చింది. పండు నలగదు కూడా. గంట ఆగింది. తన సీటుకి బెల్టు కూడా లాగి పెట్టుకున్నాడు. క్లిప్పు అడిగితే మాత్రం ఇవ్వలేదు. ‘డబ్బులు పెట్టి కొన్నానయ్యా’ అని మళ్లీ చొక్కా జేబులోనే వేసుకుని నూజివీడు వైపు వెళ్లిపోయాడు.

పది గంటలకల్లా ఎండ చెట్టు కిందికి వచ్చేసింది. కార్లు ఒక్కొక్కటే కదులుతున్నాయి. డైరీ మూసేస్తున్న మాస్టారి దగ్గరికి ఓ అమ్మాయి పరుగున వచ్చింది. ఉద్యోగానికి తిరువూరు తిరుగుతుంది, కారు కొని పదిహేను రోజులే. మీటరు మీద గుర్రపునాడాలాంటి గుర్తు, మధ్యలో ఆశ్చర్యార్థకం, పసుపు రంగులో వెలుగుతోందట.

‘టైర్లలో గాలి తగ్గినట్టుంది తల్లీ. డ్రైవరు తలుపు తెరిస్తే స్తంభం మీద స్టిక్కరుంటుంది, ఎంత గాలి పట్టాలో. పొద్దున్నే, బండి తియ్యకముందు చూపించు. వేడెక్కాక చూస్తే ఎక్కువ చూపిస్తుంది.’

‘చూపించానండీ, సరిగ్గానే ఉందన్నారు. అయినా పోలేదు.’

మాస్టారు డైరీ మళ్లీ తెరిచి రెండు పేజీలు వెనక్కీ ముందుకీ తిప్పారు. ‘దాన్ని మళ్లీ సెట్ చేయడానికి ఏదో ఉండాలి. ఆ పేజీ ఇంకా రాయలేదు. మీ పుస్తకం కవరు చింపి పట్రా, వచ్చే ఆదివారం కలిసి చూద్దాం.’